శాంపిల్ పాసయ్యాకే

ఆ ఉదయం కొత్త దంపతులిద్దరూ వంటింట్లో గుసగుసలాడుకుంటున్నారు. పెళ్లయి రెండు నెలలే. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదానిమీద ఒకటి వాలి కనిపిస్తే ఇంకా నవ్వొచ్చే రోజులు. పాలు పొంగకుండా ఒకరు చూస్తూ ఉంటే, ఆ చూస్తున్నవాళ్ళని ఇంకొకరు చూస్తూ ఉండేవారు. అందుకని ఆ ఇంట్లో పాలు రోజూ పొంగేవి.

"సాయంత్రం ఏడింటికి. మనిద్దరికే టేబుల్ చెప్పాను," అంది ఆమె.

"మీ తమ్ముడికి తెలుసా మనం వస్తున్నామని?"

"తెలుసు. కానీ అక్కడ మనమెవరో వాడికి తెలీదు, వాడెవరో మనకి తెలీదు. అలా నటించాలి."

"నటించడమేంటే?"

ఆమె గొంతు ఇంకా తగ్గించి చెప్పింది. తమ్ముడు ఊళ్ళో కొత్తగా తెరిచిన ఒక రెస్టారెంటులో వంటవాడిగా చేరాడు. మనం రోజూ తినే కూరలనే కొత్తగా ముస్తాబు చేసి, అరచేయంత ప్లేట్లలో ఒకదాని తర్వాత ఒకటిగా పంపిస్తారక్కడ. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు తలా రెండు ముద్దలు పంచుకుని తినాలి. అలా పది ప్లేట్లు ఖాళీ అయితే భోజనం అయినట్టు. దాని యజమానురాలికి లోకంలో రెండే భయాలు. ఒకటి, వంటవాళ్ళ చుట్టాలు. వాళ్ళొచ్చిన రోజున చిన్న ప్లేట్లు పెద్దవైపోతాయని ఆమె నమ్మకం, అందుకని పనివాళ్ళ చుట్టాలెవరూ గుమ్మం తొక్కకూడదు. రెండోది, రోడ్డుకి అవతలి వైపున్న హోటలు. ఇప్పటికే ఇద్దరు వంటవాళ్ళని వాళ్ళు లాక్కుపోయారు.

"ఇవాళ్టితో వాడి ట్రయల్ అయిపోతుంది. ఇవాళ ఒక్క ప్లేటు తినకుండా వెనక్కొచ్చినా రేపటి నుంచి రానక్కర్లేదందట ఆవిడ. ఈ ఉద్యోగం కోసం ఇంజనీరు పని మానేసి నాన్నతో మాటలు కూడా లేకుండా చేసుకున్నాడు. ఇదీ పోతే వాడి మొహం ఎక్కడ పెట్టుకుంటాడు చెప్పు? 'మీ టేబుల్ ఒక్కటైనా ప్లేట్లు తుడిచి తినేస్తుందన్న ధైర్యంతో వండుకుంటానక్కా' అన్నాడు."

"తినడమే కదా, నేను చూసుకుంటా," అన్నాడు భర్త, జీవితంలో మొదటిసారి తన శక్తికి తగ్గ బాధ్యత దొరికినవాడిలా.

"మామయ్యగారికి మాత్రం చెప్పకు. ఆయనకి తెలిస్తే గుమ్మంలోనే ఆవిణ్ణి నిలబెట్టి 'మావాడు ఎలా చేస్తున్నాడండీ' అని అడుగుతారు."

ఈ సంభాషణలో 'మామయ్యగారికి మాత్రం చెప్పకు' అన్న మాటా, మధ్యలో 'నటించాలి' అన్న మాటా హాల్లో పేపరు వెనక కూర్చున్న మామగారి చెవిన పడ్డాయి. ఆయన పేపరు తిప్పలేదు. అప్పటికి చాలాసేపటి నుంచి ఒకే పేజీ చదువుతున్నారు.

మామగారు ఫ్యాన్ల ఫ్యాక్టరీలో కొనుగోలు విభాగం అధికారిగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ శాంపిల్ చూడకుండా ఒక్క స్క్రూ కొన్న పాపాన పోలేదు. సరుకు అమ్మే ప్రతివాడూ మోసగాడేనని మొదలుపెట్టి, కాదని వాడే రుజువు చేసుకోవాలనేవారు. ఉద్యోగం అయిపోయినా ఆ చూపు మాత్రం రిటైరవలేదు. చొక్కా జేబులో చిన్న మడత భూతద్దం ఇప్పటికీ ఉంటుంది. అత్తగారు నెల్లాళ్ళ క్రితం కూతురింటికి వెళ్ళడంతో ఆ చూపంతా ఇప్పుడు కొత్త కోడలి మీదికి మళ్ళింది. ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయంటే వేరు కాపురం ఆలోచన మొదలైనట్టేనని ఆయన తీర్మానించుకున్నారు.

సాయంత్రం కోడలు నేరేడుపండు రంగు చీర కట్టుకుని, ఆ రంగుకి భర్త పడిపోయినట్టు నటిస్తే పడీపడీ నవ్వి, తలుపు తీసేసరికి మామగారు బూట్లు వేసుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"ఎక్కడికి మామయ్యా?"

"మీరెక్కడికైతే అక్కడికే," అన్నారాయన.

ఇద్దరి టేబుల్ ముగ్గురి టేబుల్ అయింది.

రెస్టారెంటులో అడుగు పెట్టగానే మామగారికి మొదటి అనుమానం దీపాల మీద వచ్చింది. ప్రతి టేబుల్ మీదా గుప్పెడంత వెలుతురు, మిగతాదంతా చీకటి.

"సరుకులో లోపం ఉన్నవాడే ఇలా దీపాలు తగ్గిస్తాడు. ఫోన్ లైటు వెయ్యరా," అన్నారు కొడుకుతో.

వంటగది మాత్రం వెలిగిపోతోంది. హాలుకీ దానికీ మధ్య పెద్ద అద్దం. లోపల నలుగురు వంటవాళ్ళు టోపీలూ మాస్కులూ పెట్టుకుని పని చేస్తున్నారు. అందరికన్నా పొడుగ్గా ఉన్నవాడు తమ్ముడు. అక్క కళ్ళు వాడి మీద పడి వెంటనే తప్పుకున్నాయి. వాడి కళ్ళు మూడో మనిషి మీద పడి అక్కడే ఆగిపోయాయి.

బుర్రమీసాల వెయిటరు మొదటి ప్లేటు తెచ్చి పెట్టాడు. కాల్చిన బీట్‌రూట్ ముక్కలు నాలుగు, వాటి మీద పెరుగు నురగ, ఆ నురగ మీద ఒకే ఒక్క పుదీనా ఆకు.

మామగారు భూతద్దం తీసి నురగని పరీక్షించారు. ఒక ముక్క కొస కొరికి, కళ్ళు మూసుకుని నమిలి, కళ్ళు తెరిచారు.

"ఇది వద్దు. తర్వాతది చూపించు."

వెయిటరు మీసం కదిలింది. "సార్?"

"వద్దన్నాను కదయ్యా. తక్కినవి కూడా తీసుకురా. అన్నీ చూశాక ఏవి కావాలో చెప్తాం."

అప్పుడు అర్థమైంది కోడలికి. ఆమె మొహం బీట్‌రూట్ రంగుకి వచ్చింది.

"మామయ్యా, ఇవి శాంపిళ్ళు కావు. ఇదే భోజనం."

మామగారు జాలిగా చూశారు. "ఇదా? పిట్టకి పెట్టినట్టుంది, ఇది ముగ్గురికి భోజనమా? వాళ్ళు నీకలా చెప్పారా అమ్మా?"

"అవును మామయ్యా, ఇక్కడంతా ఇలాగే..."

"చెప్తారు. వాళ్ళు చెప్తారు, నువ్వు నమ్ముతావు. అలా నమ్మేవాళ్ళ కోసమే శాంపిల్ అనేది పుట్టింది."

ఆయన కిటికీ వైపు తిరగ్గానే భర్త ఆ బీట్‌రూట్ ప్లేటు లాక్కుని నాలుగు ముక్కలూ నోట్లో వేసేసుకున్నాడు. వెయిటరు వచ్చి ఖాళీ ప్లేటు తీసుకెళ్ళాడు. అద్దం వెనక పొడుగు టోపీ తృప్తిగా ఊగింది.

"ఒరేయ్, ఏం పని అది?" మామగారు కోప్పడ్డారు. "రిజెక్ట్ చేసిన శాంపిల్ వాడుకుంటారట్రా? వాడుకున్నామంటే ఒప్పుకున్నట్టే. రేపు ట్రక్కు నిండా అదే దింపుతాడు."

"ఆకలేసింది నాన్నా."

"ఆకలి సప్లయరు ముందు చూపించకూడదు."

రెండోది కాల్చిన కాలీఫ్లవర్. రిజెక్ట్. ఫోను మోగిందని తండ్రి తల వంచగానే భర్త మింగేశాడు. మూడోది గుమ్మడికాయ ముక్కల మీద వేయించిన నువ్వులు. రిజెక్ట్. అది కోడలు తినేసింది, దగ్గినట్టు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. నిజానికి చాలా బాగుంది. తమ్ముడి వంట ఇంత బాగుంటుందని ఆమెకే తెలీదు. ఆ సంతోషంలో భర్త కాలు తొక్కింది, తననీ తినమంటోందనుకుని అతను అప్పుడే రిజెక్టయిన నాలుగో ప్లేటు కూడా ఖాళీ చేశాడు.

అసలు చిక్కు ఐదో ప్లేటుతో వచ్చింది. గాజు మూత తీయగానే పొగ లేచింది. పొగ కింద పుట్టగొడుగులు, వెన్న, మిరియాలు. మామగారు ఒకటి నోట్లో పెట్టుకుని, ఇంకొకటి భూతద్దం కింద తిప్పి చూశారు.

"పాస్," అన్నారు చివరికి.

కోడలి కళ్ళు మెరిశాయి. "అయితే తిందామా మామయ్యా?"

"ముట్టుకోకండి!" ఆయన ఒక టూత్‌పిక్ తీసి పుట్టగొడుగు మీద జెండాలా గుచ్చారు. "పాసైన శాంపిల్ దగ్గరే ఉంచుకోవాలి. అసలు సరుకు వచ్చినప్పుడు దీంతో పోల్చి చూడాలి. లేకపోతే ఇది చూపించి ఇంకేదో అంటగడతాడు."

అలా బాగాలేనివి కొడుకు కడుపులోకీ, బాగున్నవి టేబుల్ మధ్యలోకీ చేరసాగాయి. తమ్ముడు ప్రాణం పెట్టి చేసిన పుట్టగొడుగులు, కాల్చిన మొక్కజొన్న, ఆలుగడ్డ గొట్టాలు, అన్నీ నెత్తిన టూత్‌పిక్‌లతో చల్లారిపోతున్నాయి. వంట ఎంత బాగుంటే అంత భద్రంగా ఎవరూ తినకుండా ఉండిపోయింది. తమ్ముడు అద్దానికి ముక్కు ఆనించి 'ఏమైంది' అని కనుబొమలతో అడిగాడు. అక్క 'నేనేం చెయ్యను' అని కనుబొమలతోనే చెప్పింది.

మామగారు ఆ రెండు జతల కనుబొమలనీ చూశారు.

"ఒరేయ్," కొడుకు చెవి దగ్గరికి వంగారు. "ఆ ముసుగువాడు ఇందాకట్నుంచీ నీ పెళ్ళాన్నే చూస్తున్నాడు."

భర్త నోటి నిండా ఏదో ఉంది. ఏమిటో అతనికే తెలీదు. "చూడనీ నాన్నా."

"చూడనీయడమేంట్రా దద్దమ్మా! నువ్వు తింటూ కూర్చో. పొద్దున్న వంటింట్లో నటించాలి, నటించాలి అంటుంటే ఏమిటో అనుకున్నాను."

ఈలోగా పక్క టేబుల్లో ఆఫీసు వాళ్ళు ఎనిమిదిమంది ఎవరి ప్రమోషన్‌కో పార్టీ చేసుకుంటున్నారు. అందులో ఒక కళ్ళజోడాయన మెడ చాచి అడిగాడు.

"ఏమండీ, ఇక్కడ ముందు రుచి చూపించి, నచ్చాకే ఇస్తారా?"

"అడగాలి," అన్నారు మామగారు. "నోరు తెరిచి అడగనివాడికి ఎవడూ చూపించడు."

కళ్ళజోడాయన వెంటనే నోరు తెరిచాడు. "వెయిటర్, ఇవన్నీ తీసుకెళ్ళి తర్వాతవి చూపించండి. మాకు చెప్పనే లేదేంటి మీరు?"

"సార్, అలాంటిదేం లేదు సార్..."

"వాళ్ళకి ఉందే! మేమంటే లోకువా?"

ఆ మాట తర్వాతి టేబుల్‌కి చేరింది. అక్కడి పెద్దావిడ తన ప్లేటులోది ఒక్క ముద్ద తిని "ఇది పాస్, పక్కన పెట్టండి" అంది, చిన్నప్పటి నుంచీ ఆ పనే చేస్తున్నట్టు. దాని తర్వాతి టేబుల్లో ఒకతను టూత్‌పిక్‌ల డబ్బా తెమ్మని కేకేశాడు. కాసేపటికి హాలంతా 'వద్దు', 'పాస్', 'తర్వాతది' అనే మాటలే. ఒక్కో కొరుకు కొరికిన ప్లేట్లు బుర్రమీసాల వెయిటరు చేతుల మీద గోపురంలా లేచి వంటగది వైపు వెళ్ళాయి. వెళ్ళేటప్పుడు పైకున్న మీసం తిరిగొచ్చేటప్పుడు కిందికి వాలిపోయింది.

తమ్ముడు అద్దం వెనక ఆ గోపురాన్ని చూశాడు. ఒక్క ప్లేటు వెనక్కి రాకూడదన్నారు. వచ్చినవి లెక్కపెట్టడం అనవసరం. వాడు చేతిలో గరిటె మెల్లిగా కింద పెట్టేశాడు. ఇవతల అక్కకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

అప్పుడు లోపలి గదిలోంచి యజమానురాలు వచ్చింది. పొట్టి మనిషి, నడుముకి పెద్ద తాళాల గుత్తి. ఉప్పు అలమారుకి కూడా తాళం వేసే మనిషి. గుత్తి గలగలమంటూ తిన్నగా మామగారి ముందుకొచ్చి ఆగింది.

"వంట నచ్చలేదాండీ?"

మామగారు ఆమెని తలనుంచి తాళాల దాకా చూశారు. "అది తర్వాత. ఈ పుట్టగొడుగులు మీకు ఎవరు వేస్తారు?"

"ఎందుకు?" ఆమె కళ్ళు సన్నబడ్డాయి.

"రోజూ ఒకడేనా? ఒక్కడి మీదే ఆధారపడ్డారా? వాడు రేపు మానేస్తే?"

"మీరెవరు? ఏం పని చేస్తారు?"

"కొనడం నా పని," అన్నారు మామగారు గర్వంగా.

"ఏం కొంటారు?"

"బాగుంటే ఏదైనా కొంటాను. ముందు ఆ పొడుగు ముసుగు మనిషిని ఇటు పిలవండి. అతనితో నాకు మాట్లాడే పనుంది."

యజమానురాలి మొహంలో రక్తం లేదు. ఎదురు హోటలు! వాళ్ళిదివరకు వంటవాళ్ళని చాటుగా లాక్కుపోయారు. ఇప్పుడు ఏకంగా కొనేవాణ్ణి పంపించారు, హాలు మధ్యలో కూర్చోబెట్టి, వంటలన్నీ రుచి చూపించి, వాటిలో ఏవి తీసుకుపోవాలో జెండాలు గుచ్చి మరీ!

తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"మాస్కు తియ్యి," అందామె.

వాడు మాస్కు కిందికి లాగాడు. మామగారు ఉపన్యాసానికి సిద్ధంగా పైకెత్తిన వేలు గాలిలోనే ఆగిపోయింది. పెళ్ళిలో కోటు వేసుకుని తన చేయి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టిన కుర్రాడు! ఆయన వాడి వంక చూశారు. కోడలి వంక చూశారు. కనుబొమల సంగతి అర్థమైంది.

కోడలు కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. ఇప్పుడాయన నోరు తెరిచి 'నువ్వటోయ్' అన్నారంటే అంతా అయిపోతుంది.

కానీ కొనుగోలు విభాగంలో ఒక నియమం ఉంది. అమ్మేవాడి దగ్గర మనవాడెవరైనా కనబడితే గుర్తుపట్టకూడదు. గుర్తుపట్టావా, మొహమాటం మొదలవుతుంది, సరుకు పాడవుతుంది. మామగారి మొహం ఇనప్పెట్టెలా మూసుకుంది.

"ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు," అన్నారు.

ఎవరూ అడగలేదు.

"నేను కూడా ఆయన్ని చూళ్ళేదు మేడమ్," అన్నాడు తమ్ముడు.

"నేనూ చూళ్ళేదు," అంది కోడలు.

భర్త నోరు ఖాళీ లేక, అడ్డంగా తల ఊపాడు.

యజమానురాలు నలుగురినీ వరసగా చూసింది. బతుకంతా మనుషుల్ని అనుమానిస్తూ వచ్చినా, ఇంత నిండైన సాక్ష్యం ఆమెకెప్పుడూ దొరకలేదు.

"ఎన్నాళ్ళ నుంచి నడుస్తోంది ఈ వ్యవహారం?" అంది తమ్ముడితో.

"ఏం వ్యవహారం మేడమ్? ప్లేట్లు వెనక్కొచ్చాయి. మీరు ముందే చెప్పారు కదా. నేను వెళ్ళిపోతానులెండి," అని వాడు ఏప్రన్ ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"చూశారా, చూశారా!" యజమానురాలు హాలందరికీ వినబడేలా అరిచింది. "నా కళ్ళ ముందే విప్పేస్తున్నాడు! రోడ్డు దాటడానికి ఎంత తొందరో!"

"మేడమ్, నేను..."

"కట్టుకో! ముందు ఆ ముడి కట్టుకో! నువ్వు ఈ క్షణం నుంచి పర్మనెంటు. ఆ ముగ్గురి మీద పెద్ద వంటవాడివి కూడా నువ్వే. ఇంక చెప్పండి," అని మామగారి వైపు తిరిగింది, "ఇంతకన్నా మీరేం ఇవ్వగలరు?"

తమ్ముడు విప్పిన ముడి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అక్క నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ కలిపి ఎక్కిళ్ళు పెట్టింది. కానీ మామగారి నొసలు ముడిపడింది. అమ్మేవాడు అడక్కుండానే ఎక్కువిస్తే ఆయనకి గిట్టదు.

"ఆగండి. ఇంత తొందరగా పర్మనెంటు చేశారంటే ఈ మనిషిలో ఏదో..."

ఆ వాక్యం పూర్తి కాలేదు. కోడలు టూత్‌పిక్ జెండాతో సహా ఒక పుట్టగొడుగు ఎత్తి మామగారి నోట్లో పెట్టేసింది. పెళ్ళయ్యాక ఆమె ఆయనకి ఎదురు తిరగడం అదే మొదటిసారి. ఆయన జెండా బయటికి తీసి, మిగతాది నమిలారు. చల్లారినా బాగుంది. ఇంకొకటి తీసుకున్నారు. తర్వాత ప్లేటు దగ్గరికి లాక్కున్నారు.

యజమానురాలు కదల్లేదు. "ఎదురు హోటల్లో మిమ్మల్ని ఎప్పుడు పెట్టుకున్నారు?"

"నన్నెవరూ పెట్టుకోలేదు. నేను రిటైరయ్యాను."

"నేను నమ్మను."

"నమ్మకండి," అన్నారు మామగారు నములుతూ. "మీ స్థానంలో ఉంటే నేను కూడా నమ్మను. అది సరే, మీ వెన్న తూకం వేసి తీసుకుంటారా, వాడు చెప్పింది రాసుకుంటారా?"

యజమానురాలి చెయ్యి తాళాల గుత్తి మీద ఆగిపోయింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ వెన్నవాడి గురించీ, కూరగాయలవాడి గురించీ, గంప పైన మంచివీ అడుగున పుచ్చువీ పెట్టే లోకం తీరు గురించీ ఎంతసేపు మాట్లాడుకున్నారో హాల్లో ఎవరూ పట్టించుకోలేదు. లోపలి నుంచి వేడివేడిగా ప్లేట్లు వస్తున్నాయి, కొత్త పెద్ద వంటవాడు ఉత్సాహం పట్టలేక పాసైనవన్నీ మళ్ళీ చేసి పంపిస్తున్నాడు. ఈసారి అందరూ తింటున్నారు. ఒక్క భర్త మాత్రం ప్లేటు చూస్తేనే మొహం తిప్పుకుంటున్నాడు.

"నా దగ్గర చేరినవాళ్ళంతా మనుషుల్ని నమ్మేవాళ్ళేనండీ," అందామె చివరికి. "మీలాంటివారు ఒక్కరు ఉంటే నేను రాత్రి నిద్రపోదును. రేపు పొద్దున్నుంచి రండి. లోపలికొచ్చే ప్రతి సరుకూ మీరు చూడనిదే పొయ్యెక్కదు."

మామగారు వెంటనే ఒప్పుకోలేదు. ఆమెని రెండు ప్రశ్నలడిగి, ఆమె జవాబులు నమ్మక, అప్పుడు ఒప్పుకున్నారు.

మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, భూతద్దం తుడుచుకుని, తిరిగి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది. పెళ్ళయ్యాక మొదటిసారి పట్టపగలు ఇంట్లో ఇద్దరే మిగిలారు. గుసగుసలాడక్కర్లేదని గుర్తొచ్చి కోడలు పెద్ద గొంతుతో "కాఫీ కావాలా?" అని అరిచింది. భర్త ఇంకా పెద్దగా "కావాలి!" అని అరిచాడు. దాంట్లో అంత నవ్వడానికేముందో వాళ్ళకే తెలియాలి, కడుపు పట్టుకుని నవ్వుతూ సోఫాలో కూలబడ్డారు.

ఫోను మోగింది. తమ్ముడు.

"పెద్ద వంటవాడుగారూ, చెప్పండి!" అంది అక్క.

"అక్కా, మీ మామయ్యగారు టమాటాలన్నీ వెనక్కి పంపేశారు. పొద్దున్నుంచి ఒక్క ఉల్లిపాయ కూడా పాసవలేదు. అరగంటలో జనాలొస్తారు, నా పొయ్యి మీద నీళ్ళు తప్ప ఏమీ లేవు."

"కాస్త నచ్చచెప్పరా. నీకు మామయ్యే కదా, వింటారు."

"చెప్పాను. నా మొహంలోకి చూసి, 'మీరెవరో నాకు తెలీదు' అన్నారు. మేడమ్ పక్కనే నిలబడి మురిసిపోతోంది."

పర్మనెంటు ఉద్యోగి హోదాలో తమ్ముడు చేసిన మొదటి పని, సెలవు అడగడం.